సైటేషన్ మ్యాప్ వేస్తే మధ్యలో ఒకటే ముద్ద వస్తోంది, ఎక్కడ తప్పు చేశాను?

తాడిపత్రి_స్కాలర్
అనంతపురంలో కామర్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా, మూడో ఏడు. టాపిక్ తాడిపత్రి వైపు బండల పాలిష్ యూనిట్లు పెట్టినవాళ్ల గురించి. లిటరేచర్ రివ్యూ రాసుకెళ్తే మా గైడ్ సార్ "ఫలానా ఆయన ఇట్లన్నాడు, ఇంకొకాయన అట్లన్నాడు అని పేర్చుకుంటూ పోతే ఎట్లా? ఆంట్రప్రెన్యూర్‌షిప్ పరిశోధన మొత్తం ఎట్లా ఎదిగిందో సైటేషన్ డేటాతో మ్యాప్ వేసి చూపించు" అన్నారు. పరిశోధనా పేపర్ల డేటాబేస్ స్కోపస్‌లో ఆంట్రప్రెన్యూర్‌షిప్ అని కొట్టి, ఎక్కువ సైటేషన్లు ఉన్న, అంటే వేరే పేపర్లు ఎక్కువగా ప్రస్తావించిన 2,000 పేపర్లు దించుకొని, మ్యాపులు గీసే వాస్‌వ్యూయర్ సాఫ్ట్‌వేర్‌లో వేశా. రంగులు వచ్చాయి గానీ మధ్యలో అంతా చిక్కుపడ్డ నూలు ఉండలాగా ఉంది. ఈ రంగంలో పేరున్న షేన్ మూడు చోట్ల కనిపిస్తున్నాడు, ఆర్థికవేత్త షుంపీటర్ నాలుగు చోట్ల. దీన్ని చూసి ఏం రాయాలో అర్థం కావడం లేదు. వచ్చే సోమవారం సార్ ముందు పెట్టాలి. టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర లేదు.

గండికోట77
కో-సైటేషనా, బిబ్లియోగ్రాఫిక్ కప్లింగా? ఏది పెట్టావు?

తాడిపత్రి_స్కాలర్
కో-సైటేషన్. ఒక వీడియోలో అదే చూపించారు. రెండో దానికీ దీనికీ తేడా నాకు ఇంకా పట్టుబడలేదు అన్నా.

కేసీకెనాల్
మ్యాప్ పక్కన పెట్టి ముందు ముప్పై పేపర్లు కూర్చొని చదువు తమ్ముడూ. ఈ చుక్కలు, గీతలు వచ్చినప్పటి నుంచి పిల్లలు చదవడం మానేశారు. వైవాల్లో చూస్తున్నా, బొమ్మ చూపిస్తారు, అందులో ఒక చుక్క మీద వేలు పెట్టి ఈ పేపర్‌లో ఏముందని అడిగితే నోరు మెదపరు.

కడప_లైబ్రరీఅక్క
కేసీకెనాల్ గారూ, చదవాల్సిందే, కాదనను. కానీ ఏ ముప్పై చదవాలో తేల్చడానికే కదా మ్యాప్.

తమ్ముడూ, తేడా చెప్తా విను. మన ఇళ్లల్లో పెళ్లి అయిపోయాక చదివింపుల పుస్తకం ఉంటుంది కదా, ఎవరెవరు వచ్చారు, ఎంత చదివించారు అని. ఒక్కో పేపర్‌ను ఒక్కో పెళ్లి అనుకో. దాని చివర ఉండే రెఫరెన్సుల జాబితా చదివింపుల పుస్తకం.

ఇప్పుడు ఊళ్లో యాభై పెళ్లిళ్ల పుస్తకాలు ముందేసుకొని తిరగేశావు. ఏ పుస్తకంలో చూసినా సుబ్బన్న పేరు, ఓబులమ్మ పేరు వెంటవెంటనే ఉన్నాయి. వాళ్లిద్దరూ నీకు తెలియకపోయినా ఏదో చుట్టరికం ఉందని అనుకుంటావు. అది కో-సైటేషన్. రెండు పాత రచనలను తర్వాత వచ్చినవాళ్లు ఎన్నిసార్లు కలిపి ప్రస్తావించారనే లెక్క. 1973లో హెన్రీ స్మాల్ చెప్పాడు, అదే ఏడాది రష్యాలో మార్షకోవా కూడా విడిగా అదే చెప్పింది.

ఇంకో రకం చూడు. రెండు పెళ్లిళ్ల పుస్తకాలు పక్కపక్కన పెడితే సగం పేర్లు ఒకటే. అంటే ఆ రెండు ఇళ్లవాళ్లు దగ్గరివాళ్లు. ఇది బిబ్లియోగ్రాఫిక్ కప్లింగ్, 1963లో కెస్లర్ చెప్పింది. పెళ్లి అయిపోయిన రోజే పుస్తకం మూసేస్తారు కాబట్టి ఈ లెక్క ఎప్పటికీ మారదు. కో-సైటేషన్ అట్లా కాదు, ముందుముందు జరిగే ప్రతి పెళ్లితో మారుతూనే ఉంటుంది.

అందుకే నువ్వు వేసిన బొమ్మలో పెద్దవాళ్లే కనిపిస్తారు. పోయినేడు వచ్చిన పేపర్‌ను ఇంకా ఎవరూ ప్రస్తావించి ఉండరు, అది కో-సైటేషన్‌లోకి రాదు. కప్లింగ్‌లో వస్తుంది, ఎందుకంటే దాని పుస్తకం అప్పటికే నిండి ఉంది.

తాడిపత్రి_స్కాలర్
అక్కా, రెండేళ్లుగా అర్థం కానిది రెండు నిమిషాల్లో అర్థమైంది. సోమవారం సార్‌కు కూడా ఇట్లనే చెప్తా.

ఉగ్గానిబజ్జి
చదివింపులు రాసేవాడు ఇంటిపేరు తప్పు రాస్తే ఏమవుతుందో కూడా చెప్పక్కా. షేన్ మూడు చోట్ల ఉండేది అందుకే.

గండికోట77
ఉగ్గానిబజ్జి సరిగ్గా పట్టాడు. ముద్ద రావడానికి నీ దాంట్లో మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

వెతికిన మాట మరీ పెద్దది. ఆంట్రప్రెన్యూర్‌షిప్ అని ఒక్క మాట కొడితే సిలికాన్ వ్యాలీ వెంచర్ క్యాపిటల్ నుంచి స్కూలు పిల్లల పాఠాల దాకా అన్నీ పడతాయి. నీ టాపిక్ చిన్న యూనిట్లు, కుటుంబ వ్యాపారం, ఒకే చోట గుంపుగా ఉండే పరిశ్రమలు. ఆ మాటలు కలిపి వెతుకు. ఇంకొకటి, ఎక్కువ సైటేషన్లు ఉన్నవే ఏరుకుంటే పాతవి, పేరున్నవి మాత్రమే వస్తాయి. ఏరొద్దు. వచ్చినవి మొత్తం దించుకో.

అసలు పని శుభ్రం చేయడంలో ఉంది. స్కోపస్‌లో రెఫరెన్సులు రాసినవాళ్లు ఎట్లా రాస్తే అట్లానే ఉంటాయి. షేన్, వెంకటరామన్ కలిసి 2000లో రాసిన పేపర్ ఒకటే. కానీ ఒకరు పత్రిక పేరు పూర్తిగా రాస్తారు, ఒకరు పొట్టి చేసి రాస్తారు, ఒకరు పేజీ నంబర్లు వదిలేస్తారు. సాఫ్ట్‌వేర్‌కు అవి మూడు వేర్వేరు పేపర్లు. దీనికి థెసారస్ ఫైల్ అని ఉంటుంది. మామూలు టెక్స్ట్ ఫైలే. రెండు కాలమ్‌లు, ఎడమ వైపు తప్పుగా ఉన్న పేరు, కుడి వైపు దాని బదులు ఏది పెట్టాలో అది. మధ్యలో ట్యాబ్ కొట్టాలి, స్పేస్ కాదు. నేను స్పేస్ కొట్టి ఒక రాత్రంతా పోగొట్టుకున్నా.

షుంపీటర్ దగ్గర మాత్రం జాగ్రత్త. 1911 అని ఉన్నది జర్మన్ మూలం, 1934 దాని ఇంగ్లిష్ అనువాదం. ఆ రెండూ కలిపేయొచ్చు. 1942 వేరే పుస్తకం, పెట్టుబడిదారీ విధానం, సోషలిజం గురించి రాసినది. దాన్ని కలిపావంటే ఆయన ముప్పై ఏళ్ల ఆలోచన ఒకే చుక్కలో పడిపోతుంది. 1911లో ఒంటరి వ్యాపారి కొత్తదనం తెస్తాడన్నవాడు 1942 నాటికి పెద్ద కంపెనీలే ఆ పని చేస్తున్నాయన్నాడు. నువ్వు రాసేది చిన్న యూనిట్ల గురించి కాబట్టి ఈ తేడా నీకే ఎక్కువ అవసరం.

ఉగ్గానిబజ్జి
పేర్ల బాధ నాకు ఇంట్లోనే ఉంది. నా పేరు చివర రెడ్డి. ముందు రెండు ఇనిషియల్స్. ఒక పత్రిక రెడ్డిని ఇంటిపేరుగా తీసుకుంది, ఇంకోటి నా అసలు పేరునే ఇంటిపేరు చేసేసింది. స్కోపస్‌లో నేను ఇద్దరిని. పైగా నా ఇనిషియల్సే ఉన్న ఇంకో రెడ్డి గారి పేపర్లు నా ఖాతాలో చేరాయి. ఆయనది నేల రసాయన శాస్త్రం. రాయలసీమలో రచయితల మ్యాప్ వేసేవాళ్లు రెడ్డి, నాయుడు, రావు అని ఉన్న చోట ఒక్కొక్కటీ విప్పి చూసుకోవాలి. 2012 నుంచి ఒక్కో పరిశోధకుడికి విడిగా ఓర్సిడ్ నంబర్ ఇస్తున్నారు, ఉచితమే. పరిశోధనలో చేరిన రోజే తీసుకోండి.

పెన్నగట్టు
ఇంకోటి కలుపుతా. స్కోపస్ లాంటిదే ఇంకో డేటాబేస్ వెబ్ ఆఫ్ సైన్స్. దాని డేటాలో రెఫరెన్సుల దగ్గర మొదటి రచయిత పేరే ఉంటుంది. దాంతో రచయితల కో-సైటేషన్ వేస్తే షేన్ పెద్ద చుక్కగా వస్తాడు, వెంకటరామన్ ఆ పేపర్‌లో ఉన్నట్టే తెలియదు. ఈ రంగంలో బాగా ప్రస్తావించే పేపర్లలో ఒకటి, దాన్ని సగం రాసింది మనవాడు, బొమ్మలో మాయం. అక్కడ డేటా కూడా రెఫరెన్సులతో కలిపి 500 చొప్పునే దించుకోవాలి, ఓపిక పట్టాలి.

కేసీకెనాల్ సార్, మీరన్నది సగం ఒప్పుకుంటా. నాది ప్రొద్దుటూరు, బంగారు అంగళ్ల మీద చేశా. మ్యాప్ వేయకపోతే కుటుంబ వ్యాపారం మీద రాసేవాళ్లు ఒక పక్క, కొత్త కంపెనీల మీద రాసేవాళ్లు ఇంకో పక్క ఉన్నారని నాకు తెలిసేది కాదు. ఇద్దరూ ఒకే సంగతి మాట్లాడతారు, ఒకరినొకరు పలకరించుకోరు. మా ఊళ్లో తాత పెట్టిన అంగడిని మనవడు రెండుగా చేస్తాడు. అది కుటుంబ వ్యాపారమా, కొత్త వ్యాపారమా? రెండు గుంపుల మధ్య ఖాళీ చూశాకే నా థీసిస్‌కు ప్రశ్న దొరికింది. 2006లో షిల్ట్, జారా, సిలాన్‌పా కలిసి ఈ రంగం మొత్తానికి కో-సైటేషన్ మ్యాప్ వేశారు, అది చదువు తమ్ముడూ. గుంపులకు పేర్లు ఎట్లా పెట్టాలో అక్కడ నేర్చుకోవచ్చు.

కొండారెడ్డిబురుజు
నేను కర్నూలులో వకీలును, మీ చర్చ ఆసక్తిగా చదువుతున్నా. ఏ తీర్పును తర్వాతి కోర్టులు ప్రస్తావించాయి, ఏది కొట్టేశాయి అని చూసుకోవడం మాకు రోజూ ఉండే పని. అమెరికాలో షెపర్డ్ అనే ఆయన 1873లో దీనికి జాబితాలు మొదలుపెట్టాడు. గార్ఫీల్డ్ సైన్సు పేపర్లకు సైటేషన్ ఇండెక్స్ ఉండాలని 1955లో రాసినప్పుడు దాన్నే ఉదాహరణగా చూపించాడు. మా దగ్గర ఒక తేడా ఉంది. తర్వాతి కోర్టు ఒప్పుకుందా, కాదందా అని కూడా ఆ జాబితాలో రాస్తారు. మీ దాంట్లో అది ఉందా?

కేసీకెనాల్
వకీలు గారూ, సరిగ్గా నేను చెప్పాలనుకున్నది అడిగారు. మామూలుగా వేసే మ్యాప్‌లో లేదు. మెచ్చుకున్నా ఒకటే, తిట్టినా ఒకటే, మొక్కుబడిగా పేరు తలచినా ఒకటే. అజెన్ 1991 పేపర్ చూడండి. వ్యాపారం పెట్టాలనే ఉద్దేశం మీద సర్వే చేసే ప్రతివాడూ దాన్ని పెడతాడు. ఆయన వ్యాపారాల గురించి రాయలేదు, మనిషి అనుకున్న పని చేయడం గురించి రాశాడు. అయినా బొమ్మలో పెద్ద చుక్క. పెద్ద చుక్క కాబట్టి తర్వాతివాడు చదవకుండానే పెడతాడు, చుక్క ఇంకా పెద్దదవుతుంది. ఉన్నవాడికే ఇంకా చేరుతుందని మెర్టన్ 1968లోనే రాశాడు.

పెన్నగట్టు
అందుకే ప్రతి గుంపులో మూడు పేపర్లు తీసుకొని, వాటిని ప్రస్తావించిన వాక్యాలను నేను విడిగా ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నా. షేన్, వెంకటరామన్ పేపర్‌ను చాలామంది ఒక్క నిర్వచనం కోసమే పెట్టారు, అవకాశాన్ని కనుక్కోవడం, తూచడం, వాడుకోవడం అనే ఆ వాక్యం. పేపర్‌లో మిగతా వాదన జోలికి పోనేలేదు. ఇది మ్యాప్ చెప్పదు, కానీ ఎక్కడ వెతకాలో మ్యాపే చెప్పింది.

హంద్రీ_ఒడ్డున
మా కాలేజీలో స్కోపస్ లేదు. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది కదా, దాంతో ఇవన్నీ దొరుకుతాయా?

కడప_లైబ్రరీఅక్క
2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ఒప్పుకున్న పథకం అది. మూడేళ్లకు 6,000 కోట్లు, 30 మంది ప్రచురణకర్తల దగ్గర దాదాపు 13,000 పత్రికలు. అది చదువుకోవడానికి. మ్యాప్‌కు కావలసిన సైటేషన్ డేటాను వేల లెక్కన దించుకోవడం వేరే సంగతి. దానికి ఓపెన్‌అలెక్స్ వాడు, 2022లో మొదలైంది, పైసా కట్టక్కర్లేదు. వాస్‌వ్యూయర్, ఆర్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో బిబ్లియోమెట్రిక్స్ ప్యాకేజీ కూడా ఉచితమే. ఓపెన్‌అలెక్స్‌లో తప్పులు ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి గండికోట77 చెప్పిన శుభ్రం పని రెట్టింపు అనుకో.

తాడిపత్రి_స్కాలర్
నాలుగు రోజులు కూర్చొని మళ్లీ చేశా. థెసారస్ ఫైల్ 300 లైన్లు దాటింది. ఇప్పుడు ముద్ద విడిపోయి నాలుగు గుంపులు వచ్చాయి. ఒకటి షుంపీటర్, కర్జ్‌నర్ ఉన్న ఆర్థికశాస్త్రం. ఒకటి మెక్‌క్లెలాండ్‌తో మొదలయ్యే మనస్తత్వం. మూడోది అవకాశాలు, షేన్ దగ్గర. నాలుగోది కుటుంబ వ్యాపారం.

సంతోషంగా ఉంది గానీ ఒక దిగులు పట్టుకుంది. ఇందులో మన ప్రాంతం ఎక్కడా లేదు. ధర్మవరం పట్టు మీద, ఓర్వకల్లు పొదుపు సంఘాల మీద, రాయదుర్గం జీన్స్ మీద మన యూనివర్సిటీల్లోనే ఎంతమంది రాశారో. ఒక్క చుక్క కూడా రాలేదు. నా థీసిస్‌కూ రేపు ఇదే గతా?

తుంగభద్రతీరం
రిటైరైన లెక్చరర్‌ను. నీ మ్యాప్‌లో తెలుగు ఊరు ఒకటి ఉంది నాయనా, నీకు కనిపించలేదు. మెక్‌క్లెలాండ్ చుక్క కింద ఉంది. 1961లో ఆయన, గెలవాలి, సాధించాలి అనే తపన ఉన్న సమాజమే ఎదుగుతుందని పుస్తకం రాశాడు. ఆ తపనను పెద్దవాళ్లకు నేర్పించొచ్చా అని పరీక్షించడానికి వచ్చింది మన కాకినాడకే. 1964లో అక్కడి చిన్న వ్యాపారులను హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు పిలిపించి తరగతులు పెట్టారు. 1969లో వింటర్‌తో కలిసి దాని మీద పుస్తకం వేశాడు. మా రోజుల్లో కామర్స్ పిల్లలందరికీ కాకినాడ ప్రయోగం అని పాఠం ఉండేది.

చుక్క మీద రాసినవాడి పేరు ఉంటుంది. ఏ ఊరివాళ్ల గురించి రాశాడో ఉండదు. నీ నాలుగు గుంపుల్లో ప్రతి పేపర్‌కూ ఏ దేశం, ఏ ఊరు, ఎవరిని అడిగారు అని ఒక కాలమ్ చేర్చి చూడు. అది సాఫ్ట్‌వేర్ చేయదు, నువ్వే చదివి నింపాలి.

కేసీకెనాల్
సార్ చెప్పిన కాలమ్ కోసమైనా ఆ మ్యాప్ వేయాల్సిందే. ఈ మాట నేనంటున్నా, రాసిపెట్టుకోండి.

బేతంచెర్ల_బండలు
నేను చదువుకున్నది ఇంటర్. బేతంచెర్లలో పాలిష్ ఫ్యాక్టరీ ఉంది మాకు, నాన్న పెట్టింది. మా అల్లుడు ఈ చర్చ చూపించాడు. ఒక సంగతి చెప్పాలనిపించింది.

పదేళ్లలో నా దగ్గరికి మూడుసార్లు స్టూడెంట్లు వచ్చారు. మర్యాదగా మాట్లాడారు, టీ తాగి పోయారు. ముగ్గురూ అడిగినవి ఇంచుమించు అవే ప్రశ్నలు. పెట్టుబడి ఎక్కడిది, రిస్కు తీసుకుంటారా, ఒకటి నుంచి ఐదు దాకా టిక్ పెట్టండి. రెండో అమ్మాయిని అడిగా, ముందు వచ్చినాయన రాసింది చూశావా అమ్మా అని. ఎవరండీ అనింది. మూడో అబ్బాయికి ఆ ఇద్దరూ తెలియదు. కరెంటు బిల్లు ఏ నెలలో ఎంత, బ్లేడు ఎన్ని అడుగులకు అరిగిపోతుంది, కోసిన బురద ఎక్కడ పోస్తాం, ఇవి ఎవ్వరూ అడగలేదు. ఫ్యాక్టరీ నిలిచేదీ పడేదీ వాటి మీదే. ముందు వచ్చినాయన రాసింది రెండో అమ్మాయి చదివి ఉంటే ఆ పాత ప్రశ్నలు వదిలేసి ఇవి అడిగేది కదా.

తాడిపత్రి_స్కాలర్
అన్నా, మీరు రాసింది మూడుసార్లు చదివా. నా ప్రశ్నాపత్రంలో కూడా రిస్కు ప్రశ్న ఒకటి నుంచి ఐదు దాకానే ఉంది.

కడప_లైబ్రరీఅక్క
బేతంచెర్ల అన్న చెప్పినదాన్ని డేటాలో చూశా నేను. పొదుపు సంఘాల మీద వచ్చిన థీసిస్‌లు ఆరు, మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ సైట్‌లో దించుకొని, ఒక్కోదాని చివర ఉన్న బిబ్లియోగ్రఫీ చేత్తో ఎక్సెల్‌లోకి ఎక్కించా. అడ్డంగా థీసిస్‌లు, నిలువుగా పుస్తకాలు, ఉన్నచోట 1. రెండు వారాలు పట్టింది. ఆరింటికీ కామన్‌గా ఉన్నవి బయటి పుస్తకాలు, ప్రభుత్వ నివేదికలు. ఆరింట్లో ఒక్కటి కూడా ఇంకోదాన్ని ప్రస్తావించలేదు. నాలుగింటి వాళ్లు తిరిగింది ఒకే జిల్లాలో.

అదే కప్లింగ్. స్కోపస్ అక్కర్లేదు, ఎక్సెల్ చాలు. తమ్ముడూ, స్కోపస్ మ్యాప్ ఒకటి పెట్టు, దాని పక్కన బండల పరిశ్రమ మీద మన దగ్గర వచ్చిన థీసిస్‌లతో ఇట్లా చేత్తో చేసిన చిన్న మ్యాప్ ఇంకోటి పెట్టు. రెండూ చూస్తే మీ సార్‌కు నీ చాప్టర్ ఎందుకు కావాలో ఆ పేజీలోనే కనిపిస్తుంది.

గండికోట77
అక్క చెప్పిన రెండు మ్యాపుల పద్ధతికి నా ఓటు. ఇంకో చిన్న సలహా. మొదటి మ్యాప్‌ను ఏళ్లవారీగా కోసి చూడు. జర్నల్ ఆఫ్ బిజినెస్ వెంచరింగ్ 1985లో మొదలైంది, అక్కడ ఒక గీత. షేన్, వెంకటరామన్ 2000, సరస్వతి 2001, అక్కడ ఇంకోటి. ఒకే బొమ్మలో అన్నీ వేస్తే తాతలూ మనవళ్లూ ఒకే వయసువాళ్లలా కనిపిస్తారు.

బేతంచెర్ల_బండలు
సరస్వతి ఎవరు?

పెన్నగట్టు
సరస్ సరస్వతి, మన దేశంలో పుట్టి అమెరికాలో పాఠం చెప్పే ప్రొఫెసర్ అన్నా. వ్యాపారం పెట్టేవాళ్లు ముందే లక్ష్యం గీసుకొని దానికి కావలసినవి పోగేస్తారని అందరూ అనుకుంటుంటే, అనుభవం ఉన్నవాళ్లు అట్లా చేయరు, చేతిలో ఏముంది, ఎవరు తెలుసు అని చూసుకొని అక్కడి నుంచి మొదలుపెడతారు అని రాసింది. వంట ఉదాహరణ చెప్తుంది. మెనూ రాసుకొని సరుకులు కొనడం ఒక పద్ధతి, అల్మారాలో ఉన్నదాంతో వండటం ఇంకో పద్ధతి.

ఉగ్గానిబజ్జి
ఇంట్లో బొరుగులు ఉంటే ఉగ్గాని. నా పేరు పెట్టాల్సింది ఆ సిద్ధాంతానికి.

బేతంచెర్ల_బండలు
మా నాన్న అట్లనే పెట్టాడు. గని దగ్గర కూలి చేసేటప్పుడు విరిగిన బండలు ఊరికే పోయేవి, వాటిని తెచ్చి కోసి అంచులకు అమ్మినాడు. దాంతో మొదటి మిషన్. ఆ అమ్మ రాసింది తెలుగులో ఉంటే బాగుండు.

తుంగభద్రతీరం
స్కాలర్ బాబూ, ఈ ఒక్క పోస్టు నీ టిక్కుల కాగితాలన్నిటి కన్నా విలువైనది. ఆయన దగ్గరికి పో.

తాడిపత్రి_స్కాలర్
పోతున్నా సార్. సోమవారం అయిపోయింది. రెండు మ్యాపులూ పెట్టా. చేత్తో వేసింది చిన్నదే, నాలుగు థీసిస్‌లే దొరికాయి ఇప్పటికి, వాటి మధ్య ఒకరినొకరు తలచుకున్న గీత ఒక్కటీ లేదు. సార్ చాలాసేపు దాన్నే చూశారు. అందులో ఒకటి ఆయన దగ్గరే చేసినదట. ప్రశ్నాపత్రం మార్చడానికి ఒప్పుకున్నారు.

బేతంచెర్ల అన్నా, ఆదివారం రావచ్చా? ముందు వచ్చిన ముగ్గురి పేర్లు గానీ, ఏ యూనివర్సిటీ అన్నది గానీ గుర్తుందా? శోధ్‌గంగలో వాళ్ల థీసిస్‌లు వెతుకుతా.

బేతంచెర్ల_బండలు
పొద్దున పదికి ముందు రా, తర్వాత కరెంటు ఉంటదో పోతదో. పేర్లు గుర్తులేవు. రెండో అమ్మాయి ఖాళీ ప్రశ్నాపత్రం ఒకటి వదిలేసి పోయింది, ఆఫీసు బల్ల సొరుగులో బిల్లుల కింద ఉంది. దాని మీద ఆ అమ్మాయి పేరు, డిపార్ట్‌మెంటు, ఏడాది అచ్చయి ఉన్నాయి. నీ కోసం తీసి పక్కన పెట్టినా.